ఐజాక్ బాషెవిస్ సింగర్ బాలల కథలు – ఒక పరిశీలన

ఒక భాషలో బాలసాహిత్యం వర్ధిల్లాలంటే ఆ భాషను చదివే బాలలు ఉండాలి. ఇది వేరే చెప్పనక్కరలేని మాట. అయితే చదివే బాలలు తరిగిపోతున్న భాషలో, అరవై ఏళ్ళు దాటిన తరువాత పిల్లల కథలు రాయడం మొదలుపెట్టి, వాటిని పరభాష ద్వారా ప్రపంచానికి అందించిన రచయిత ఒకరున్నారు. ఆయన ఐజాక్ బాషెవిస్ సింగర్. ఆయన భాష యిడ్డిష్. 1978లో నోబెల్ సాహిత్య బహుమతి పొందిన నవలాకారుడిగా, కథకుడిగా ఆయన పేరు మన విద్యార్థులు కొందరు విని ఉంటారు. ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని క్లుప్తంగా చెప్పి, యూదుల జానపద కథలకు ఆయన చేసిన పునఃకథనాన్ని పరిశీలిస్తున్నాం.

ఈ పరిశీలనకు మాకొక కారణం ఉంది. తెలుగునాటి వెలుపల తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో ఇంట్లో తెలుగు వినబడుతుంది. బడిలో అక్షరాభ్యాసం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో జరుగుతుంది. అమ్మమ్మ నోట తెలుగులో విన్న కథను మనుమరాలు తెలుగులో చదవలేకపోవడం మనకు కొత్త కాదు. అటువంటప్పుడు ఆ కథను ఏం చెయ్యాలి? మరో భాషలో చెబితే అది మన కథగా నిలుస్తుందా? సింగర్ రచనలు ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇస్తాయి. ఆ సమాధానంలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. రెండింటినీ విడివిడిగా చూడడం విమర్శకుని పని.

సింగర్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో పోలెండులోని లెయోన్చిన్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి పిన్హాస్ మెనాహెమ్ హసిడిక్ సంప్రదాయానికి చెందిన రబ్బీ, అంటే మతగురువు, ధర్మనిర్ణేత. తల్లి బత్షేబా బిల్గోరాయ్ పట్టణపు రబ్బీ కూతురు. 1908లో కుటుంబం వార్సా నగరంలోని క్రోచ్మల్నా వీధికి చేరింది. బీదలు కిక్కిరిసిన ఆ వీధిలో తండ్రి ఇల్లే న్యాయస్థానం. పెళ్ళిళ్ళు, విడాకులు, అప్పుల తగాదాలు, ఏది తినవచ్చు ఏది తినకూడదు అన్న సందేహాలు – అన్నీ ఆ గదిలోకే వచ్చేవి. పిల్లవాడు తలుపు చాటున నిలబడి వినేవాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, తల్లి అతన్ని బిల్గోరాయ్‌కు తీసుకువెళ్ళింది. పాతకాలపు యూదుల పల్లెపట్టు జీవనం అక్కడ ఇంకా చెదరకుండా ఉంది. ఆయన బాలల కథల్లోని వాతావరణానికి ఈ రెండు చోట్లే మూలం.

ఆయన అన్న ఇజ్రాయెల్ జాషువా సింగర్, అక్క హిండే ఎస్తేర్ కూడా నవలలు రాసినవారే. అన్న అప్పటికే పేరు పొందిన రచయిత కనుక, తమ్ముడు వేరుగా గుర్తింపు కోసం తల్లి పేరును కలం పేరులో చేర్చుకున్నారు. బాషెవిస్ అంటే బత్షేబాకు చెందినవాడు అని అర్థం. 1935లో అన్న సాయంతో న్యూయార్కు చేరి, ఫొర్వర్ట్స్ అనే యిడ్డిష్ దినపత్రికలో రాస్తూ జీవించారు. తల్లి, తమ్ముడు యుద్ధకాలంలో సోవియట్ ప్రవాసంలో మరణించారు. అన్న 1944లో పోయారు. కొడుకు ఐదారేళ్ళ వయస్సులో తల్లితో విడిగా వెళ్ళి, చివరకు పాలస్తీనాలో పెరిగాడు. తండ్రీకొడుకులు తిరిగి కలుసుకున్నది 1955లో. సొంత బిడ్డకు కథలు చెప్పే అవకాశం లేకపోయిన మనిషి తరువాతి కాలంలో లోకంలోని పిల్లలకు కథలు చెప్పాడన్న సంగతి గమనార్హం. దీనిని కారణంగా చూపడం మా ఉద్దేశం కాదు. జీవితరేఖలో ఇదొక భాగం.

ఇక భాష సంగతి. యిడ్డిష్ మధ్యయుగపు జర్మన్ మాండలికాల పునాది మీద హిబ్రూ, అరమాయిక్, స్లావు భాషల పదాలు చేరి ఏర్పడిన భాష. దానిని హిబ్రూ లిపిలో రాస్తారు. తూర్పు ఐరోపా యూదులకు హిబ్రూ ప్రార్థనకూ శాస్త్రానికీ. యిడ్డిష్ వంటింటికీ, అంగడికీ, జోలపాటకూ. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు దీనిని కోటికి పైగా జనం మాట్లాడేవారు. నాజీలు హతమార్చిన సుమారు 60 లక్షల మంది యూదుల్లో అత్యధికులది ఈ భాషే. అమెరికా చేరిన కుటుంబాల్లో పిల్లలు ఒకటి రెండు తరాల్లో ఆంగ్లంలోకి మారిపోయారు. యిడ్డిష్‌ను మృతభాష అనడం మాత్రం పొరపాటు. న్యూయార్కులోనూ ఇజ్రాయెల్‌లోనూ హసిడిక్ కుటుంబాలు నేటికీ పిల్లలను ఆ భాషలోనే పెంచుతున్నాయి. కాని సింగర్ రాసినటువంటి లౌకిక సాహిత్యాన్ని చదివే బాలపాఠక లోకం ఆయన కళ్ళ ముందే కుంచించుకుపోయింది.

ఈ పరిస్థితిలో ఎలిజబెత్ షుబ్ ఆయనను పిల్లల కోసం రాయమని ప్రోత్సహించారు. ఆమె యిడ్డిష్ విమర్శకుడు ష్మూయెల్ నీగర్ కుమార్తె, బాలల పుస్తకాల సంపాదకురాలు. సింగర్ యిడ్డిష్‌లో రాయడం, ఇద్దరూ కలిసి ఆంగ్లం చెయ్యడం – ఇదీ పద్ధతి. 1966లో 'జ్లాటే అనే మేక' సంపుటి వెలువడింది. ఏడు కథలు, బొమ్మలు మారిస్ సెండాక్‌వి. సెండాక్ తల్లిదండ్రులు కూడా పోలెండు నుంచి వలస వచ్చిన యూదులే. మారణహోమంలో పోయిన తన బంధువుల ఛాయాచిత్రాలు చూసి ఆయన ఈ కథల్లోని మనుషుల ముఖాలు గీశారు. 1967, 1968, 1969 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు సింగర్ పుస్తకాలకు న్యూబరీ గౌరవం లభించింది. క్రోచ్మల్నా వీధి బాల్యాన్ని చెప్పిన 'ఆనందపు ఒక రోజు' 1969లో వచ్చి, 1970లో బాలల విభాగంలో అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం పొందింది. 1982లో ప్రాగ్ నగరపు మట్టి మనిషి 'గోలెమ్' కథను తిరిగి చెప్పారు. 1984లో బాలల కథల పెద్ద సంకలనం వచ్చింది. 1991 జూలై 24న ఫ్లోరిడాలో ఆయన మరణించారు.

సింగర్ కథన దృష్టికి తాళపుచెవి వంటి ఘట్టం 'ఆనందపు ఒక రోజు'లో ఉంది. ఒక స్త్రీ రెండు బాతులను తెచ్చి రబ్బీ ముందు పెడుతుంది. వాటిని కోసి చాలాసేపయింది. అయినా ఒకదానిని మరొకదాని మీదకు విసిరితే అరుస్తున్నాయి. తండ్రి వణికిపోతాడు, ఇది పరలోకపు సంకేతమేమోనని భయపడతాడు. తల్లి తొణకదు. గొంతుగొట్టాలు తీసేశారా అని అడుగుతుంది. తీయలేదని తెలిసి, తన వేళ్ళతో లాగివేసి, మళ్ళీ విసరమంటుంది. బాతులు అరవవు. పిల్లవాడు ఇద్దరి మధ్యా నిలబడి చూస్తాడు. అద్భుతం నిజమవుతుందేమో అన్న తండ్రి ఆశ ఒకవైపు, చల్లని తర్కం తల్లిది ఒకవైపు. సింగర్ బాలల కథల్లో దయ్యాలున్నాయి, మంత్రగత్తెలున్నారు, భూతాలున్నాయి. కాని వాక్యం మాత్రం తల్లిది. ఎంతటి వింత జరిగినా అది ఏ ఊళ్ళో, ఏ పండుగనాడు, ఎవరి పొయ్యి పక్కన జరిగిందో ఆయన లెక్కతప్పకుండా చెబుతారు.

'జ్లాటే' కథ ఇందుకు మంచి ఉదాహరణ. రూవెన్ బొచ్చుతోలు దుస్తుల పనివాడు. ఆ ఏడు చలి రాలేదు, పని లేదు. హనుక్కా దీపాల పండుగ దగ్గర పడింది. ముసలి మేకకు పట్టణపు కసాయి ఎనిమిది గుల్డెన్లు ఇస్తానన్నాడు. పన్నెండేళ్ళ కొడుకు అహరోన్ మేకను తోలుకొని బయలుదేరతాడు. దారిలో మంచు తుపాను. పిల్లవాడూ మేకా ఒక గడ్డివామిలో దూరి మూడు రోజులు గడుపుతారు. మేక గడ్డి తింటుంది; పిల్లవాడు దాని పాలు తాగుతాడు. నాలుగో రోజు మంచుబండి గంటలు వినిపిస్తాయి. అతడు ఇంటి దారి పడతాడు. మేకను అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. కథ ఇంతే. ఇందులో విద్యార్థులు గమనించవలసిన సంగతి, చంపబోయిన మంచే ఆ ఇంటికి బతుకుతెరువు కూడా తెచ్చింది. చలి పెరిగింది కనుక ఊరివాళ్ళకు బొచ్చుకోట్లు కావలసివచ్చాయి. ఈ మెలికను సింగర్ వేలుపెట్టి చూపరు. భూతదయ గురించి ఒక్క నీతివాక్యం చేర్చరు. ఆయన స్వయంగా జీవితపు చివరి దశాబ్దాల్లో శాకాహారి. అయినా ఆ మతాన్ని కథలో ప్రచారం చెయ్యలేదు. మేకకు మాటలు కూడా పెట్టలేదు. దానికి తెలిసిన ఒకే అక్షరంతో అది జవాబు చెబుతుంది. అంతటి సంయమనం బాలసాహిత్యంలో అరుదు.

ఆ సంపుటి ముందుమాటలో యుద్ధాల వల్ల, హింస వల్ల పెరిగి పెద్దవారు కాలేకపోయిన పిల్లలను సింగర్ స్మరించారు. ఆ తరువాత కథల్లో ఎక్కడా ఆ విషాదం ప్రస్తావన లేదు. ఇది తప్పించుకోవడమా అని ఎవరైనా అడగవచ్చు. కాదని మా అభిప్రాయం. చనిపోయిన సమాజాన్ని చావు ద్వారా పరిచయం చేస్తే పిల్లలకు దాని చావే తెలుస్తుంది. సింగర్ దాని బతుకును పరిచయం చేశారు – అప్పులు, అట్లు, బొంగరాలాట, అత్తవారి తగవులు, పెద్దల తెలివితక్కువతనం.

తెలివితక్కువతనం అంటే చెల్మ్ కథలు. చెల్మ్ తూర్పు పోలెండులో నిజంగానే ఉన్న పట్టణం. జానపదులు దానిని మూర్ఖుల ఊరుగా చేశారు. ఈ కథలు సింగర్ కల్పించినవి కావు. యిడ్డిష్ ఇళ్ళలో అందరికీ తెలిసినవి. మనకు పరమానందయ్య శిష్యుల కథలు ఎలాగో వారికి ఇవి అలాగ. తమిళనాట చదువుకునే మన విద్యార్థులకు పరమార్త గురువు కథ కూడా తెలుసు. ఇటలీ నుంచి వచ్చిన బెస్కీ అనే క్రైస్తవ గురువు పద్దెనిమిదో శతాబ్దంలో దానిని తమిళంలో రాశాడు. నది నిద్రపోతున్నదో లేదో కొరివితో పరీక్షించే శిష్యులు, లెక్కలో తమను తాము మరిచిపోయే శిష్యులు అందులో ఉన్నారు.

ఈ రెండింటికీ పోలిక ఎంత ఉందో భేదమూ అంతే ఉంది. మన కథల్లో మూర్ఖత్వం గురుభక్తి నుంచి పుడుతుంది. శిష్యులు చెప్పిన మాటను అక్షరాలా పాటించి గురువును కష్టపెడతారు. చెల్మ్‌లో మూర్ఖత్వం ఆలోచన నుంచి పుడుతుంది. గ్రోనాం అనే ఊరిపెద్ద, అతని సభ్యులు రాత్రింబగళ్ళు కూర్చొని తర్కించి నిర్ణయాలు చేస్తారు. మంచు కురిసిన రాత్రి అది ముత్యాలు, వజ్రాలు అనుకుంటారు. జనం తొక్కి పాడుచేయకుండా ఇళ్ళు దాటవద్దని చాటడానికి ఒక కుర్రవాడిని పంపాలనుకుంటారు. కుర్రవాడు తొక్కుతాడే అన్న సందేహం వస్తుంది. అందుకని అతన్ని బల్ల మీద నిలబెట్టి నలుగురిచేత మోయిస్తారు. మరొక కథలో పండుగకు పుల్లని మీగడ కరువవుతుంది. నీళ్ళను మీగడ అనీ, మీగడను నీళ్ళనీ పిలవాలని శాసనం చేస్తారు. కరువు తీరిపోతుంది. శాస్త్రచర్చకు ప్రాణమిచ్చిన సమాజం తన తర్కాన్ని తానే చూసి నవ్వుకోవడం ఇందులోని హాస్యానికి మూలం. పేర్లు మార్చితే సమస్య తీరుతుందనుకునే పాలకులు ఏ దేశంలో లేరు? అయినా కథలో పాలకుల గురించి వ్యాఖ్య లేదు. మీగడ మాత్రమే ఉంది.

పునఃకథనంలో సింగర్ మార్పులు ఎంత లోతుగా చేస్తారో తెలియాలంటే 1967లో వచ్చిన 'మాజెల్, ష్లిమాజెల్' కథను చూడాలి. మాజెల్ అదృష్టం, ష్లిమాజెల్ దురదృష్టం. ఇద్దరూ పందెం వేసుకుంటారు. అదృష్టం ఏడాదిపాటు కట్టినదానిని దురదృష్టం ఒక్క క్షణంలో కూల్చాలి. తామ్ అనే బీద యువకుడు రాజు జబ్బుకు మందుగా సింహిపాలు తెచ్చి, ఇచ్చేవేళ నోరుజారి అవి కుక్కపాలు అంటాడు. ఈ నోటిజారుడు ప్రాచీన యూదు వ్యాఖ్యాన సాహిత్యంలో ఉన్నదే. అక్కడ కాళ్ళు, చేతులు, కళ్ళు, గుండె ఎవరు గొప్ప అని వాదులాడుకుంటాయి. చావూ బతుకూ నా చేతిలో ఉన్నాయని నాలుక రుజువు చేస్తుంది. అది నీతికథ. సింగర్ ఆ కీలకాన్ని తీసి ప్రేమకథలో, పందెంలో అమర్చారు. నీతి కరిగిపోయి ఉత్కంఠ మిగిలింది. నాలుకను అదుపులో పెట్టుకోమనే పెద్దల హెచ్చరిక, మంచివాడికి కూడా చెడు క్షణం ఒకటి వస్తుందన్న పిల్లల భయంగా మారింది. ఇది పునఃకథకుని హక్కు. 1968 నాటి 'ష్లెమీల్ వార్సాకు వెళ్ళినప్పుడు' సంపుటిలో ఆయన తమ పద్ధతిని దాచుకోలేదు. కొన్ని కథలు తమ తల్లి చెప్పినవనీ, ఆమె వాటిని తన తల్లి, అమ్మమ్మల నుంచి విన్నదనీ, తాము వాటిని కొత్తగా మలిచామనీ స్పష్టం చేశారు.

ఆ సంపుటికి పేరిచ్చిన కథ మన పాఠకులను ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. ష్లెమీల్ వార్సా చూడాలని బయలుదేరి, దారిలో నిద్రవచ్చి, దిక్కు మరిచిపోకుండా చెప్పులజోడు వార్సావైపు తిప్పి పెట్టి పడుకుంటాడు. ఒక కమ్మరి సరదాకు వాటిని వెనక్కి తిప్పుతాడు. లేచి నడిచినవాడు సొంత ఊరికే చేరి, ఇది రెండో చెల్మ్ అనుకుంటాడు. అదే వీధి, అదే ఇల్లు, అదే భార్య, అవే పిల్లలు. అయినా తనవి కావంటాడు. పెద్దలు సభ తీర్చి, అసలు ష్లెమీల్ తిరిగి వచ్చేదాకా ఆ పిల్లలను చూసుకోవడానికి అతనికే జీతం ఇస్తారు. నవ్వు ఆగిన తరువాత ఈ కథ మరోలా వినిపిస్తుంది. వెళ్ళిపోయినవాడు తిరిగి వచ్చినా తన ఊరు తనది కాదనుకోవడం, సొంత పిల్లల మధ్య జీతగాడిలా మిగలడం – న్యూయార్కులో కూర్చొని క్రోచ్మల్నా వీధిని దశాబ్దాలపాటు రాసిన మనిషికి ఇది వట్టి హాస్యకథ కాదేమో. ఇది మా అన్వయం. రచయిత అలా చెప్పలేదు.

లోపాలు లేవనలేం. 1973 నాటి 'చెల్మ్ మూర్ఖులు, వారి చరిత్ర'లో యుద్ధం, విప్లవం, నాణేల రద్దు వరుసగా వస్తాయి. ఇక్కడ మూర్ఖులు మనుషులుగా కాక రాజకీయ వ్యంగ్యానికి పావులుగా కదులుతారు. మంచును కాపాడబోయిన పెద్దల మీద కలిగిన ఆప్యాయత వీరి మీద కలగదు. రెండవది, చెల్మ్ భార్యలు తరచు గయ్యాళులుగానే కనిపిస్తారు. బాతుల కథలో తల్లికి ఇచ్చిన బుద్ధిబలం ఈ స్త్రీలకు దక్కలేదు. సంతలో కూరగాయలు అమ్మి ఇల్లు నడిపేది ష్లెమీల్ భార్యే అయినా, నవ్వు ఆమె కోపం మీదకే మళ్ళుతుంది.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న భాషది. సింగర్ తమ ఆంగ్ల అనువాదాలను రెండవ మూలం అని భావించారు. తాము పాల్గొని మార్చినవి కనుక అందులో సత్యం ఉంది. కాని బాలల కథలు పుస్తకాలుగా మొదట వచ్చింది ఆంగ్లంలో. అవార్డులూ, బొమ్మలూ, పాఠకులూ ఆంగ్లానివే. ఆయన ఆంగ్ల కీర్తి పట్ల తోటి యిడ్డిష్ రచయితల్లో అసంతృప్తి ఉండేది. సింథియా ఓజిక్ 1969లో రాసిన 'అసూయ' అనే కథ, అనువాదం దొరకని యిడ్డిష్ కవి వేదనను చిత్రించింది. ఆ వేదనను అసూయగా మాత్రమే చూసి తోసివేయడం న్యాయం కాదు. ష్లెమీల్ అన్న మాట ఆంగ్ల పుస్తకంలో వ్యక్తి పేరుగా మిగిలింది. యిడ్డిష్ ఇంట్లో అది రోజూ ఎవరినో ముద్దుగా తిట్టే మాట. ఆ చనువు అనువాదంలో దాటలేదు. కథలు గట్టెక్కాయి, భాష గట్టెక్కలేదు. ఈ రెండింటినీ ఒకటిగా లెక్కపెట్టరాదు.

అయినా సింగర్ నుంచి మనం నేర్చుకోవలసిన క్రమం ఒకటి ఉంది. ఆయన ఎన్నడూ ఆంగ్లంలో మొదలుపెట్టలేదు. ముందు తల్లి మాటలో, తల్లి భాషలో కాగితం మీద పెట్టుకొని, తరువాతే రెండో భాషకు వెళ్ళారు. అందువల్లనే ఆంగ్ల పాఠంలో కూడా గుల్డెన్లు గుల్డెన్లుగానే, చెల్మ్ చెల్మ్‌గానే నిలిచాయి. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో ఇంట్లో తెలుగు కథ విన్న విద్యార్థి ముందుగా దానిని చెప్పినవారి యాసలో, ఆ వీధుల పేర్లతో, ఆ వంటల పేర్లతో తెలుగులో రాసుకోవాలి. ఆ తరువాత కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చెప్పినా కథకు లోటు రాదు. మొదటి మెట్టు వదిలిపెట్టి రెండో మెట్టు ఎక్కితే మాత్రం కథ ఎవరిదో తెలియకుండా పోతుంది. తెలుగు లిపి రాని విద్యార్థి తనకు వచ్చిన లిపిలోనే తెలుగు మాటలు రాసుకున్నా మంచిదే. చెప్పేవారు ఉండగానే ఆ పని జరగాలి. బత్షేబా కథలు కొడుకు చెవిలో పడ్డాయి కనుక మిగిలాయి. ఆమె చెప్పి, ఎవరూ రాయని కథలు ఆమెతోనే పోయాయి.